మూడు దేశాల గట్టు మీద మా నాన్న

మేముండే ఊరి పేరు ఆహెన్. మా చుట్టాలందరూ ఆచెన్ అంటారు, స్పెల్లింగ్ చూసి చదివితే ఎవరైనా అలాగే అంటారు కాబట్టి నేనూ సరిచేయడం మానేశా. జర్మనీకి బాగా పడమటి మూల, ఎంత మూలంటే సిటీ బస్సెక్కి కూర్చుంటే అది పోయి నెదర్లాండ్స్‌లో ఆగుద్ది, ఇంకో పక్కకి పోతే బెల్జియం. వాకింగుకని అడవిలోకి వెళ్తే ఫోన్ పాపం అయోమయంలో పడిపోయి గంటలో మూడు దేశాల వెల్‌కమ్ మెసేజీలు పంపుద్ది. కొత్తలో అవన్నీ స్క్రీన్‌షాట్ తీసి ఇంటికి పంపేదాన్ని. ఇప్పుడు చూడను కూడా చూడను. ఆదివారం మా ఊళ్ళో షాపులన్నీ మూత, ఆరోజే పాలు అయిపోతాయి ఎందుకో, అప్పుడు పక్కనున్న వాల్స్ వెళ్ళి తెచ్చుకుంటాం, అది నెదర్లాండ్స్, అక్కడ ఆదివారం కూడా షాపులు తీసే ఉంటాయి. పాలప్యాకెట్ కోసం ఇంకో దేశం పోయి రావడం అనమాట. మా అత్తగారికి ఫోన్‌లో చెప్తే "అంత ఖర్చెందుకమ్మా, ఆ పూటకి కాఫీ మానేస్తే పోలా" అంది.

నేను 2016లో ఎమ్మెస్‌కని వచ్చా. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ట్రిప్పంటే ఒక పిచ్చి. ఒక ఈస్టర్ సెలవులకి నలుగురు అమ్మాయిలం నాలుగు రోజుల్లో పారిస్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్ కొట్టేశాం, రాత్రిపూట బస్సులో పడుకోవడం (పడుకోవడం అని అనుకోవడం), పగలంతా నడవడం, ఈఫిల్ టవర్ కింద బ్రెడ్డులో ఆవకాయ పెట్టుకుని తినడం. ఫొటోలు ఏడొందల చిల్లర ఉన్నాయి. ఇప్పుడు తీసి చూస్తే ఏ చర్చి ఏ ఊళ్ళోదో నాకే తెలీదు. గుర్తున్నదల్లా ఫోన్ ఛార్జింగ్ కోసం ఒక స్టేషన్లో ప్లగ్గు వెతుక్కుంటూ తిరిగిన గంట.

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లాడు. మావాడికి ఇప్పుడు ఆరేళ్ళు. ఇంక ట్రిప్పులు కూడా చిన్నవైపోయాయి, పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికొచ్చి వేడిగా అన్నం వండుకుని తినేవి. లగేజీ లేదు, హోటల్ లేదు, కుక్కర్ మూడు విజిల్స్‌తో ట్రిప్పు ముగిసిపోద్ది. నిజం చెప్పాలంటే నాకు ఇవే ఇష్టం. కానీ ఇది ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి చెప్తే ఒప్పుకోరు, వాళ్ళకి స్విట్జర్లాండ్ కావాలి.

మొన్న 2025 వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు, తొంభై రోజులకి. ఆ వీసా కోసం పెట్టిన కాగితాల గురించి రాస్తే ఇదొక గ్రంథం అవుద్ది. మేమిక్కడి నుంచి ఖర్చులన్నీ మావే అని ఒక పూచీకత్తు కాగితం పంపాలి, ముప్పై వేల యూరోలకి ఇన్సూరెన్స్ ఉండాలి, తలకి తొంభై యూరోలు వీసా ఫీజు, అన్నిటికంటే ముఖ్యం వీళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతారు అని వాళ్ళకి నమ్మకం కలగాలి. నాన్న రైతు. జీతం స్లిప్పు లేదు, పెన్షన్ లేదు. అందుకని పొలం కాగితాలు పెట్టాం, పాస్‌బుక్కు, అడంగలు, అన్నీ.

ఆ పొలం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. తెనాలి దగ్గర మాది. నాన్నకీ మా పెదనాన్నకీ మధ్య పొలం గట్టు దగ్గర రెండడుగుల తేడా, ఆ గట్టు మీద ఒక తాడిచెట్టు. ఆ రెండడుగులు ఎవరివి, ఆ చెట్టు ఎవరిది అని పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. మధ్యలో ఆ చెట్టు మీద పిడుగు పడి మొండెం మిగిలింది, అయినా కేసు మాత్రం ఆగలా. చివరికి ఊళ్ళో పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేశారు గానీ మాటల్లేవు, పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తలూపుకోవడం వరకే. సర్టిఫైడ్ కాపీలు, సర్వే స్కెచ్‌లు, వకీలు కట్టించిన ఫైలు బీరువాలో అలాగే ఉంది కాబట్టి వీసాకి కాగితాలు అడిగితే మా నాన్న ఒక్క పూటలో రెడీ చేశాడు. "చూశావా, కేసేసుకోబట్టే కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి" అని అమ్మతో అన్నాడంట.

వచ్చిన మొదటి వారం ఆయన వీసా స్టిక్కర్ చూసుకుంటూ ఈ షెంగెన్ అంటే ఏంటమ్మాయ్ అన్నాడు. ఊరి పేరు నాన్నా, లక్సెంబర్గ్‌లో మోసెల్ నది ఒడ్డున చిన్న ఊరు, ద్రాక్షతోటలుంటాయి, 1985లో అక్కడ నదిలో ఒక పడవ మీద కూర్చుని ఐదు దేశాలవాళ్ళు సంతకాలు పెట్టారు, బోర్డర్లో చెకింగులు ఎత్తేద్దాం అని, అది అమల్లోకి రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది అని చెప్పా. ఆయన చాలాసేపు ఆలోచించి "పడవ మీద ఎందుకు, గట్టు మీద కూర్చుంటే తగువొచ్చుద్దనా" అన్నాడు. నాకు సమాధానం తెలీక నవ్వేసి ఊరుకున్నా, కానీ ఆలోచిస్తే ఆ మాటలో ఎంతో కొంత ఉంది, అది ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ మూడూ కలిసే చోటు మరి.

స్విట్జర్లాండ్ తీసుకెళ్ళాం, అది వేరే కథ, అందరూ రాసేదే, మంచు, ఫొటోలు, అమ్మకి కాళ్ళ నొప్పులు. నాకు చెప్పాలనిపించేవి మిగతా చిన్నవి.

మొదటిది మోన్‌షావ్. మా ఊరికి దక్షిణంగా కొండల్లో, బస్సులో వెళ్ళిపోవచ్చు. నల్లటి కర్ర దూలాలూ తెల్లటి గోడలూ ఉన్న పాత ఇళ్ళు, మధ్యలోంచి చిన్న ఏరు. అక్కడ 1882 నుంచి నడుస్తున్న ఆవాల మిల్లు ఒకటుంది. ఇక్కడివాళ్ళు సాసేజ్‌తో తినే ఆవపిండి ముద్ద అక్కడ రాళ్ళతో విసురుతారు. అమ్మకి చెక్క స్పూన్‌తో రుచి చూపించారు. నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక నిమిషం ఏమీ మాట్లాడలా. నేను ఘాటెక్కిందేమో అనుకున్నా. తర్వాత నెమ్మదిగా "ఆవకాయ పెడదామని ఆవపిండి కలిపి, మామిడికాయలు తేవడం మర్చిపోయినట్టుంది" అంది. రెండోది తేనె కలిపింది ఇచ్చారు, దానికి మాత్రం "ఇదేం ఖర్మే" అంది. అయినా రెండు సీసాలు కొనిపించింది, మా మేనమామకి జలుబుకి పనికొస్తుందంట. ఆ మిల్లు రాయి ఎంత దొడ్డుగా ఉంది, ఎన్ని గంటలకి ఎంత పిండి వస్తుంది అని అడగమని నా ప్రాణం తీసింది గానీ నా జర్మన్‌లో విసురురాయికి మాట లేదు, చేతులు తిప్పి చూపించా, ఆ పెద్దాయనకి అర్థమైంది, ఆయనా చేతులు తిప్పాడు, ఇంక అమ్మా ఆయనా ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు, నేను పక్కన నిలబడ్డా.

తర్వాత లియేజ్. బెల్జియం, మా దగ్గర్నుంచి రైల్లో గంట. ఆదివారం పొద్దున మ్యూజ్ నది పక్కనే పెద్ద సంత జరుగుద్ది, లా బాత్ అంటారు, కూరగాయలు, కోళ్ళు, చీజ్, బట్టలు, పూలమొక్కలు, అన్నీ అరుస్తూ అమ్ముతారు. జర్మనీలో ఆదివారం అంటే ఊరంతా జ్వరమొచ్చినట్టు పడుకుని ఉంటుంది, అక్కణ్ణుంచి గంట దూరంలో ఈ గోల చూసేసరికి నాన్న ముఖం విచ్చుకుంది. బేరం కూడా ఆడాడు, తెలుగులో, వేళ్ళతో. చెర్రీలు కేజీ మీద అర యూరో తగ్గించాడు ఆయన, ఇప్పటికీ చెప్తాడు. రైలు దిగే స్టేషన్ అయితే చూసి తీరాలి, లియేజ్ గీమాఁ అని, కలట్రావా అనే స్పెయిన్ ఆర్కిటెక్ట్ కట్టాడు, 2009లో తెరిచారు, గోడల్లేవు, పైనంతా తెల్లటి ఉక్కూ గాజూ కలిపి పెద్ద అలలాగా ఉంటుంది. అమ్మ పైకి చూసి "దీన్ని తుడిచేదెవరే" అంది. నాకు తొమ్మిదేళ్ళలో ఆ అనుమానం రాలా.

ఆ ఊళ్ళో 374 మెట్లు ఉన్నాయి, ఒకే వరసగా నిట్టనిలువుగా, బ్యూరెన్ మెట్లంటారు. మావారు వద్దులెండి అత్తయ్యా మోకాళ్ళు అన్నారు. అలిపిరి 3550 మెట్లెక్కినదాన్ని, ఇదో లెక్కా అని అమ్మ చీరకుచ్చిళ్ళు ఎగదోపి మొదలెట్టింది. అలవాటు చొప్పున వందో మెట్టు దగ్గర "గోవిందా" అని గట్టిగా అంది, మావాడు వెనకాలే "గోవిందా గోవింద" అందుకున్నాడు, మెట్ల పక్కన ఇళ్ళున్నాయి, ఒకావిడ కిటికీ తీసి చూసింది. పైకెళ్ళాక అక్కడ గుడి ఏమీ లేదు, ఊరు కనపడుద్ది అంతే. అమ్మ కొంచెం డిసప్పాయింట్ అయ్యింది పాపం. కింద వాఫుల్ కొనిచ్చాం, లియేజ్ వాఫుల్‌లో చక్కెర గడ్డలు గడ్డలుగా ఉంటాయి, పళ్ళకింద కరకరమంటాయి, దాంతో సర్దుకుంది.

వచ్చేటప్పుడు జరిగింది అసలు సంగతి. ఆహెన్ ఇంకో పది నిమిషాలుందనగా రైల్లోకి ఇద్దరు పోలీసులు ఎక్కి పాస్‌పోర్టులు అడిగారు. నావీ మావారివీ కార్డులున్నాయి, అమ్మది నా బ్యాగులో ఉంది. నాన్నది? "భద్రంగా ఉంది" అన్నాడు. ఎక్కడ? ఇంట్లో, సూట్‌కేసులో, పంచెల కింద, తాళం వేసి. బయటికి తీసుకెళ్తే పోతుందని! నాకు ఒళ్ళంతా చెమట. ఫోన్‌లో పాస్‌పోర్టూ వీసా స్టిక్కరూ ఫొటోలున్నాయి, చూపించా, వాళ్ళలో ఒకాయన ఎవరికో ఫోన్ చేసి నంబర్ చెప్పి ఏదో చెక్ చేసి, ఈసారి ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి అని మర్యాదగానే చెప్పి వెళ్ళిపోయాడు. మొత్తం ఐదారు నిమిషాలు. నాకైతే ఆ 374 మెట్లు ఇంకోసారి ఎక్కి దిగినట్టయింది.

నాన్నకి మాత్రం భయం కాదు, కోపం. "బోర్డర్ లేదన్నావుగా?" అన్నాడు. లేదు నాన్నా, ఉంది, కానీ 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ అన్ని పక్కలా మళ్ళీ చెకింగులు పెట్టింది, అన్నిసార్లూ అడగరు, అప్పుడప్పుడూ అడుగుతారు అన్నా. "మరి పడవ మీద సంతకాలు?" అన్నాడు. అవీ ఉన్నాయి. "అంటే గట్టు దున్నేశారు గానీ రాళ్ళు పీకలేదు" అన్నాడు. మర్నాటి నుంచి పాస్‌పోర్టు జేబు బనీనులో పెట్టి పిన్నీసు పెట్టుకున్నాడు, పక్కనున్న పార్కుకి వెళ్ళినా సరే.

వాళ్ళు వెళ్ళే ముందు వారం, ఇంక దూరాలు వద్దు అని వాల్స్ కొండకి తీసుకెళ్ళా. మేం పాలు తెచ్చుకునే ఊరే, దాని వెనకాలే. కొండ అంటే 322 మీటర్లు, మనవాళ్ళకి గుట్ట, కానీ నెదర్లాండ్స్‌కి యూరప్‌లో ఉన్న భూమిలో అంతకంటే ఎత్తు లేదు కాబట్టి వాళ్ళకది శిఖరమే. దాని మీద జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్ మూడూ ఒక్క చోట కలుస్తాయి. ఊళ్ళోంచి రెండు కిలోమీటర్లు పైకి నడిచాం, ఆ రోడ్డు పేరు 'నాలుగు సరిహద్దుల దారి'. మావాడికి డచ్ చదవడం రాదు గానీ జర్మన్‌లాగే ఉంటుంది కాబట్టి బోర్డు చూసి చదివేశాడు, చదివి "మూడేగా తాతా, నాలుగు అని రాశారు" అన్నాడు. నాన్న ఆగిపోయాడు. నాలుగోది ఏదమ్మాయ్?

అది నాకు తెలిసిన కథ. పైకి వెళ్ళాక చెప్తా అన్నా. పైన బెల్జియం వాళ్ళ టవర్ ఒకటి, డచ్చివాళ్ళ టవర్ ఒకటి, పోటీకి కట్టినట్టు, ఇంకా పిల్లలాడే చోటు, ఆలుగడ్డ చిప్స్ దుకాణాలు. నాన్న ఇవేవీ చూడలా. నేరుగా ఆ రాయి దగ్గరికి పోయాడు. పొట్టిగా, మన సర్వే రాయిలాంటిదే, నేల మీద గీతలు. చుట్టూ మూడు సార్లు తిరిగాడు, ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి కాలి అడుగులు వేసి కొలిచాడు. అమ్మ బెంచీ మీద పులిహోర డబ్బా విప్పింది. మావారు "మావయ్యా ముందు తినండి" అన్నా వినలా. సరే అని అక్కడే నిలబెట్టి చెప్పా.

నెపోలియన్ ఓడిపోయాక దేశాలన్నీ పంపకాలు పెట్టుకున్నాయి, ఇక్కడ ఒక పక్క ప్రష్యా, అంటే అప్పటి జర్మన్ రాజ్యం, ఒక పక్క నెదర్లాండ్స్. ఈ కొండ కింద మోరెస్నే అని ఊరు, అక్కడ జింకు గని. గని నాది అంటే నాది అని ఇద్దరూ తెగ్గొట్టుకోలేక 1816లో ఊరిని మూడు ముక్కలు చేసి ఒకటి నీకు, ఒకటి నాకు, గని ఉన్న నడిమి ముక్క మాత్రం ఇద్దరిదీ కాదు అని రాసుకున్నారు. మూడున్నర చదరపు కిలోమీటర్లు. "ఎకరాల్లో చెప్పు" అన్నాడు నాన్న. ఫోన్‌లో లెక్కేసి దాదాపు 860 అన్నా. తర్వాత 1830లో బెల్జియం విడిపోయేసరికి నెదర్లాండ్స్ వాటా వాళ్ళకి పోయింది, అప్పట్నుంచి ఈ కొండ మీద నాలుగు హద్దులు, ఆ నడిమి ముక్కతో కలిపి. దాన్ని న్యూట్రల్ మోరెస్నే అనేవాళ్ళు.

ఇంక చూడండి మా నాన్న క్రాస్ ఎగ్జామినేషన్. పాలన ఎవరిది? చెరో కమిషనర్. "జాయింటు పట్టా అన్నమాట." చట్టం ఎవరిది? నెపోలియన్ నాటి పాత చట్టమే నడిచింది. కోర్టు? కోర్టు లేదు, బెల్జియం నుంచీ ప్రష్యా నుంచీ జడ్జీలే వచ్చేవాళ్ళంట. ఇది విని నాన్న అమ్మ వైపు తిరిగి "విన్నావా, జడ్జీలే ఊరికొచ్చేవాళ్ళంట, మనం తెనాలి చుట్టూ పదకొండేళ్ళు" అన్నాడు. అమ్మ పులిహోర వడ్డిస్తూ "మీరు పిలవలేదుగా" అంది.

మధ్యలో ఒక సరదా కూడా చెప్పా. 1908లో అక్కడివాళ్ళు కొందరు ఎస్పెరాంటో, అంటే అన్ని దేశాలవాళ్ళూ మాట్లాడుకోవడానికని తయారుచేసిన భాష, అది మాట్లాడే దేశం పెడదాం, పేరు అమికేయో, అంటే స్నేహస్థలం, అనుకున్నారు, అది జరగలా. ఆ నడిమి ముక్కలో ఉన్న ఊరే ఇప్పటి కెల్మిస్, ఫ్రెంచ్‌లో లా కలమీన్. మనం దురదలకి రాసుకునే గులాబీ రంగు కాలమైన్ లోషన్ ఉంది కదా, ఆ కాలమైనే, జింకు ఖనిజం. రాగిలో అది కలిపితేనే ఇత్తడి. అమ్మ అప్పటిదాకా మా మాటలు పట్టించుకోలా, ఇత్తడి అనేసరికి తలెత్తి "మన బిందెలు ఇక్కడివా?" అంది. కాదమ్మా. "ఓహో" అని మళ్ళీ డబ్బాలోకి.

"గని ఎప్పుడు అయిపోయింది?" అన్నాడు నాన్న. 1885లో. "మరి ఆ ముక్క ఎప్పుడు తేల్చుకున్నారు?" మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక, 1920లో బెల్జియంకి ఇచ్చేశారు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "అంటే గని అయిపోయాక కూడా ముప్పై అయిదేళ్ళు." అని ఊరుకున్నాడు. నేను తాడిచెట్టు మాట ఎత్తలా. అమ్మ ఎత్తుద్దేమో అని భయపడ్డా గానీ ఆవిడ కూడా ఎత్తలా, ఆయన ప్లేట్లో ఇంకో గరిటె వేసింది అంతే.

2020లో కరోనా అప్పుడు బెల్జియం వాళ్ళు బోర్డర్ మూసేశారు, చిన్న చిన్న దారుల్లో కూడా అడ్డాలు పెట్టారు అని కూడా చెప్పా. అప్పుడు మావాడు పొత్తిళ్ళలో ఉన్నాడు, ఇంట్లో ఊపిరాడక స్ట్రోలర్ తోసుకుంటూ అడవి వైపు వచ్చేవాళ్ళం, మామూలుగా వెళ్ళే దారి ఒక చోట ఆగిపోయేది. అన్నేళ్ళలో అక్కడ గీత ఉందని నాకు తెలిసింది ఆ రోజే. నాన్న విన్నాడో లేదో తెలీదు, అప్పటికే ఫోన్ తీసి రాయిని ఫొటోలు తీస్తున్నాడు. మనుషుల్లేకుండా, రాయి ఒక్కదాన్నే, నాలుగు పక్కల నుంచీ. మంచి ఫొటో ఏరి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఏమీ రాయలా, ఉత్త ఫొటో.

ఆ గ్రూపులో అందరూ ఉంటారు, పెదనాన్న కూడా. నాన్న పెట్టిన దేనికీ ఆయన ఇంతవరకూ ఒక్క దండం బొమ్మ కూడా పెట్టలా. స్విట్జర్లాండ్ మంచు ఫొటోలకి కూడా. కిందికి దిగుతుంటే నాన్న ఫోన్ మోగింది, వాయిస్ మెసేజ్. ఎవరిదో చూడకుండానే నొక్కేశాడు, స్పీకర్‌లో గట్టిగా వచ్చింది, పెదనాన్న గొంతు.

"ఒరే, ఆ రాయి కొంచెం వాలినట్టుంది చూడు. ఎటు జరిగిందో."

నాన్న రోడ్డు మధ్యలో నిలబడి ఇంకోసారి విన్నాడు. తర్వాత మాకేమీ చెప్పకుండా వెనక్కి తిరిగి పైకి నడవడం మొదలెట్టాడు, మావాడు వెనకాల పరిగెత్తాడు. మేం అమ్మని పక్కనున్న దిమ్మ మీద కూర్చోబెట్టి ఎదురుచూశాం, మా బస్సు పోయింది, ఆదివారం కాబట్టి తర్వాతది ఎప్పటికో గానీ లేదు.